బడివాకిటి తేనెపట్టు

హాస్యానికి సాహిత్యసభలో పీట వేసినవారు చాలామంది ఉన్నారు గాని, పెద్దపీట వేసినవారు తక్కువ. భరతముని ఎనిమిది రసాలను లెక్కించినప్పుడు హాస్యాన్ని శృంగారం ప్రక్కనే కూర్చుండబెట్టినాడు. శృంగారంనుండియే హాస్యం పుట్టునని చెప్పి దానికి వంశగౌరవం కూడా కల్పించినాడు. ఐనా విమర్శకుల పంక్తిలో హాస్యరచనకు విస్తరి చివరనే పడుతూ వచ్చింది. నవ్వించే నవలను రాత్రి మేలుకొని చదివినవాడే, మర్నాడు నలుగురిలో దాని మాట వచ్చినప్పుడు, "కాలక్షేపానికి ఫరవాలేదు" అని పెదవి విరుస్తాడు. ఆ నవల ఆడవారిని గూర్చినదైతే ఆ విరుపు మరికొంత ఎక్కువగా ఉంటుంది. పిల్లలను బడిలో దిగబెట్టవచ్చిన తల్లులు ఒకరిమీద ఒకరు ఆధిక్యంకోసం పడే పాట్లే దాని కథ అయితే ఇక చెప్పనక్కరలేదు. "ఇదీ ఒక వస్తువేనా?" అనే ప్రశ్న తప్పదు.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగల నవల ఒకటి 2013లో ఇంగ్లండులో వెలువడింది. పేరు 'ది హైవ్'. తెలుగులో 'తేనెపట్టు' అనవచ్చును. రచయిత్రి గిల్ హార్న్‌బీ. అది ఆమె మొదటి నవల. కథ జరిగేది సెయింట్ ఆంబ్రోజ్ అనే ప్రాథమిక పాఠశాల వాకిట. ఆ బడికి కొత్తగా ఒక ప్రధానోపాధ్యాయుడు వస్తాడు. బడికి గ్రంథాలయం కావలెను; దానికి డబ్బు కావలెను; ఆ డబ్బు కూడబెట్టే భారం తల్లులమీద పడుతుంది. ఇంతవరకు ఇది ఏ ఊళ్ళోనైనా జరిగే మంచిపనే. కాని ఆ మంచిపనికి నడుము కట్టిన క్షణంనుండి దానికి నాయకురాలెవరు, నాయకురాలి ప్రక్కన కుర్చీ ఎవరిది, పిలుపు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న లెక్కలు మొదలవుతాయి. పాతసామానుల సంతలు, చందావిందులు ఒకదానివెంట ఒకటి నడుస్తాయి. ఒక విద్యాసంవత్సరం గడిచేసరికి కొన్ని స్నేహాలు విరుగుతాయి, కొన్ని కొత్తగా అతుకుతాయి, బడివాకిట గద్దె కదులుతుంది.

ఆ గద్దెమీద మొదట కూర్చున్న ఆవిడ బియాట్రిస్. అందరూ ఆమెను 'బీ' అని పిలుస్తారు. ఆంగ్లంలో తేనెటీగకు కూడా అదే పలుకుబడి. బీ చెయ్యి ఊపితే పని జరుగుతుంది. బీ చూపు తప్పించితే మనిషి బడివాకిటనుండి మాయమైనట్లే. రేచెల్ నిన్నటిదాకా ఆమెకు ప్రాణస్నేహితురాలు. కాపురం చెదిరి, తోడు కావలసివచ్చిన సమయంలోనే ఆ స్నేహం మెల్లగా ప్రక్కకు తప్పుకుంటుంది. హెదర్ ఆ గుంపులో ఒక మూల చోటు దొరికితే చాలునని తహతహలాడే మనిషి. జార్జీ ఇంటినిండా పిల్లలతో సతమతమౌతూ, ఈ పోటీలను చూచి నవ్వుకునే మనిషి. వీరిమధ్యకు కొత్తగా మెలిస్సా వస్తుంది. ఆమెలో తొందర లేదు, పోటీ లేదు. మెలిస్సా అంటే గ్రీకుభాషలో తేనెటీగ అని అర్థం. గద్దె ఎటు కదలబోతున్నదో గ్రహించడానికి చదువరికి ఆ పేరు ఒక్కటే చాలును. సెయింట్ ఆంబ్రోజ్ కూడా క్రైస్తవ సంప్రదాయంలో తేనెటీగలను పెంచేవారికి రక్షకుడుగా పూజలందుకునే నాలుగవ శతాబ్దపు మహాత్ముడు. రచయిత్రి పేర్లను ఊరకే పెట్టలేదు.

ఈ పోటీ బడివాకిటనే ఎందుకు పుట్టవలెను? స్నేహితులను మనిషి తానే ఎంచుకుంటాడు. బంధువులను పుట్టుక ఇస్తుంది. బడివాకిట కలిసే తల్లులను ఒకచోట చేర్చేది మాత్రం పిల్లల వయస్సు. ఒకే యేట బిడ్డలను కన్నారన్న ఒక్క కారణంచేత ఉన్నదీ లేనిదీ, చదివినదీ చదవనిదీ కొన్ని యేండ్లపాటు రోజుకు రెండుసార్లు ఒకే గేటు దగ్గర నిలబడవలసి వస్తుంది. తాను ఎంచుకోని సహవాసంలో మనిషికి మొదట తోచే ప్రశ్న "ఇందులో నా చోటు ఎక్కడ?" అన్నదే. ఆఫీసులో అయితే ఆ చోటు కాగితంమీద ఉంటుంది. ఒకరు గుమాస్తా, ఒకరు సూపరింటెండెంటు, ఒకరు మేనేజరు. బడివాకిటి హోదాకు కాగితం లేదు. అందుచేత దానిని ప్రతిరోజూ మళ్ళీ సంపాదించుకోవలసి వస్తుంది.

మరొక కారణం కూడా కలదు. చదువుకొని, ఉద్యోగం చేసి, పిల్లలకోసం దానిని విడిచిపెట్టిన స్త్రీలో కార్యదక్షత ఎక్కడికీ పోదు. దానికి తగిన కుర్చీ దొరకనప్పుడు అది చందాపుస్తకంమీదా, కేకులు అమ్మే బల్లమీదా సామ్రాజ్యం స్థాపిస్తుంది. అన్నిటికంటె లోతైన కారణం బిడ్డ. తల్లి తన పెంపకానికి లోకం వేసే మార్కులు బిడ్డ ముఖంమీద కనబడతాయని భయపడుతుంది. ప్రక్కవారి బిడ్డకు బహుమానం వస్తే అది తనమీద వచ్చిన తీర్పుగా ఆమెకు వినబడుతుంది. ఈ భయాన్ని తెలిసిన రచయిత్రి వ్రాసినది కనుకనే 'ది హైవ్' నవ్విస్తూనే అక్కడక్కడ మనస్సును పిండుతుంది.

తేనెపట్టు అనే ఉపమానాన్ని కొంచెం దగ్గరగా చూస్తే ఈ నవల హృదయం బోధపడుతుంది. పూర్వకాలపు యూరపులో తేనెపట్టును ఏలేది రాజని భావించేవారు. అరిస్టాటిల్ వ్రాతలలో అది రాజే. రోమను కవి వర్జిల్ కావ్యంలోనూ రాజే. 1609లో చార్లెస్ బట్లర్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు 'ది ఫెమినైన్ మొనార్కీ' అనే గ్రంథం వ్రాసి, ఆ రాజు రాజు కాదు, రాణి అని చాటినాడు. తరువాతి శాస్త్రజ్ఞులు మరొక మెట్టు ఎక్కి, ఆ రాణి ఏలదని కూడా తేల్చినారు. ఆమె పని గ్రుడ్లు పెట్టడం; ఋతువు బాగుంటే రోజుకు వెయ్యికి పైగా పెడుతుంది. ఆజ్ఞలు జారీ చేయదు. ఆమె శరీరంనుండి వెలువడే వాసన పట్టునంతటినీ ఒక్కటిగా ఉంచుతుంది, అంతే. అన్నిటికంటె వింత అయిన సంగతి మరొకటి. రాణి అయ్యే గ్రుడ్డుకూ, కూలి ఈగ అయ్యే గ్రుడ్డుకూ పుట్టుకలో భేదం లేదు. కూలి ఈగలు ఏ పిల్లపురుగుకు చివరిదాకా రాయల్ జెల్లీ అనే ప్రత్యేకాహారం తినిపిస్తాయో అది రాణి అవుతుంది. రాణి ముసలిదై ఆ వాసన తగ్గిపోతే, ఆ కూలి ఈగలే మరొకదానిని మేపి గద్దె ఎక్కిస్తాయి.

అనగా రాణిని తయారుచేసేది పట్టు. ఈ సత్యం తెలిసిన తరువాత నవలను మళ్ళీ చదివితే బీ మీద కోపం సగం తగ్గుతుంది. ఆమె గద్దె ఆమె కట్టుకున్నది కాదు. ఆమె నవ్వితే నవ్వి, ఆమె ముఖం తిప్పుకుంటే తామూ తిప్పుకొని, ఆమె పిలుపుకోసం చెవులు రిక్కించుకున్న వారందరూ రోజుకొక చెమ్చా చొప్పున తినిపించి పెంచిన గద్దె అది. ఈ నవలలో అసలైన హాస్యపాత్ర బీ కాదనీ, హెదర్ అనీ చెప్పవలసి ఉంటుంది. బీకి అధికారం కావలెను. అటువంటివారు లోకంలో కొద్దిమందే. హెదర్‌కు కావలసినది పిలుపు. పిలుపు కోరనివారు ఎవరున్నారు? తన్ను గుంపులో చేర్చుకున్నారని తెలిసిననాడు హెదర్ పడే సంబరం చూచి చదువరి పకపక నవ్వుతాడు. పుస్తకం మూసిన తరువాత, తన జీవితంలో ఏ పెద్దమనిషి పలకరింపుకోసం తాను ఎంతసేపు వరండాలో నిలబడినాడో జ్ఞాపకం వచ్చి నవ్వు ఆగిపోతుంది. హాస్యరచన చేయవలసిన పని అదే.

నవ్వులన్నీ ఒకటి కావు. భరతుడు వాటిని ఆరుగా విభజించినాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. చెక్కిళ్ళు కొంచెం వికసించి పలువరుస కనబడని నవ్వు స్మితం. ముక్కుపుటాలు ఉబ్బి, చూపు వంకరపోయి, తలా భుజాలూ వంగే నవ్వు ఉపహసితం. వేళకాని వేళ, కంట నీరు తిరుగగా, భుజాలూ తలా అదరగా నవ్వేది అపహసితం. ఈ విభాగాన్ని ఈనాటి చదువరి మనుషుల అంతస్తులకు వేసిన లెక్కగా తీసికొనవలసిన పని లేదు. నవ్వుల అంతస్తులకు వేసిన లెక్కగా తీసికొంటే చాలును. ఏ మనిషైనా ఈ ఆరింటిలో ఏ నవ్వునైనా నవ్వగలడు. ఏ నవ్వు నవ్వుతున్నాడన్నదానిని బట్టి ఆ క్షణంలో అతని అంతస్తు తేలుతుంది.

ఈ కొలతతో కొలిస్తే 'ది హైవ్' నవ్వు ఒక్కచోట నిలవదని ఒప్పుకొనవలసి ఉంటుంది. హెదర్ దగ్గర, రేచెల్ దగ్గర అది స్మితంగా ఉంటుంది. బీ దగ్గరకు వచ్చేసరికి ఉపహసితంలోకి జారుతుంది, ముక్కుపుటాలు ఉబ్బుతాయి. కొన్ని చిన్నపాత్రలు మనుషులుగా కాక బొమ్మలుగా మిగిలిపోతాయి. వారి మాటతీరునూ, ఆడంబరాన్నీ చూచి నవ్వగలము గాని, వారు ఇంటికి పోయి తలుపు వేసికొన్న తరువాత ఏమి చేస్తారో ఊహించలేము. ఇది నవలకు లోపమే. ఐనా పుస్తకం మొత్తంమీద మిగిలే రుచి చేదు కాదు. దానికి కారణం రచయిత్రి గురువు ఎవరో తెలిస్తే స్పష్టమౌతుంది.

హార్న్‌బీ ఈ నవలకు పూర్వమే, 2005లో, బాలలకోసం జేన్ ఆస్టిన్ జీవితచరిత్ర వ్రాశారు. తరువాత 2020లో జేన్ అక్కగారైన కసాండ్రాను నాయికగా చేసి 'మిస్ ఆస్టిన్' అనే నవల వ్రాశారు. ఆస్టిన్ వద్ద హాస్యం నేర్చుకోవడమంటే ఏమిటో 'ఎమ్మా' నవలలోని ఒక్క ఘట్టం చెబుతుంది. 1815 డిసెంబరులో వెలువడిన ఆ నవలలో ఊరి పెద్దలందరూ బాక్స్ హిల్ అనే కొండకు వనభోజనానికి పోతారు. వారిలో మిస్ బేట్స్ అనే అవివాహిత ఒకతె. వయస్సు మళ్ళినది, బీదది, మాట మొదలుపెడితే ఆపలేనిది, ఎవరికీ అపకారం తలపెట్టనిది. ఊరిలో అందరికంటె ధనవంతురాలూ, చురుకైనదీ అయిన ఎమ్మా పదిమందిలో ఆమె వాగుడుమీద ఒక చమత్కారం విసురుతుంది. మిస్ బేట్స్‌కు అది వెంటనే అర్థం కాదు. అర్థమైన తరువాత ఆమెకు కోపం రాదు, ముఖం ఎర్రబడుతుంది, తప్పు తనదేనని చెప్పుకుంటుంది. తరువాత నైట్లీ ఎమ్మాను ప్రక్కకు పిలిచి మందలిస్తాడు. ఆమె నీతో సమానురాలై ఉంటే ఆ మాట చెల్లేది, ఆమె బీదరాలు, నీ మాటను చూచి పదిమందీ ఆమెతో అట్లే నడుచుకుంటారు అన్నది ఆ మందలింపు సారం. ఎమ్మా బండిలో ఇంటికి పోతూ దారిపొడుగునా కన్నీరు కారుస్తుంది.

రెండు వందల యేండ్ల క్రిందటి ఆ ఘట్టంలో యుద్ధం లేదు, మరణం లేదు, రాజ్యం పోవడం లేదు. ఒక చమత్కారం, ఒక ఎర్రబడిన ముఖం, అంతే. ఐనా నైతికంగా అంతకంటె పెద్ద ఘట్టాలు నవలాసాహిత్యంలో అరుదు. "చిన్న వస్తువు" అన్న ఆక్షేపణకు ఇంతకంటె సమాధానం అక్కరలేదు. మనుషులు ఒకరినొకరు గాయపరచుకొనేది తరచుగా చిన్న విషయాలలోనే. పెద్ద విషయాలలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి కలదు. మగవారు పదవులకోసం పోట్లాడుకుంటే దానికి రాజకీయమనీ, చరిత్ర అనీ పేరు పెట్టి గ్రంథాలు వ్రాస్తారు. ఆడవారు పోటీ పడితే అది నవ్వులాట అవుతుంది. బడికి గ్రంథాలయం కట్టించడానికి జీతం లేకుండా నెలల తరబడి పనిచేసిన స్త్రీలను చూచి నవ్వడం న్యాయమేనా? తండ్రులు ఆ గేటు దగ్గర కనబడకపోవడంమీద ఎవరూ హాస్యనవల ఎందుకు వ్రాయరు? ఈ ప్రశ్నలలో సత్యం లేకపోలేదు. 'రాణి ఈగ' అనే మాట, కార్యదక్షురాలైన ఏ స్త్రీ మీదనైనా విసరడానికి వీలైన రాయిగా మారే ప్రమాదం ఉన్నది. సంఘం పని నెత్తిన వేసికొన్నవారికి కొంత పెత్తనం అబ్బుతుంది. పెత్తనాన్ని చూచి నవ్వేవారు పనిని చూడకపోతే అది కృతఘ్నత. 'ది హైవ్' ఈ ఆక్షేపణనుండి పూర్తిగా తప్పించుకోలేదు. కాని ఆ నవలలో నవ్వు పనిమీద పడదు. గ్రంథాలయం కావలెనన్న కోరికను రచయిత్రి ఎన్నడూ వెక్కిరించదు. పుస్తకాలకోసం మొదలైన పని కుర్చీలకోసం ఎట్లా తిరిగిందన్నదే ఆమె నవ్వుకు గురి. ఆ తిరుగుడు మగవారి సంఘాలలోనూ జరుగుతుందని ఏ గ్రంథాలయ కార్యవర్గం ఎన్నిక చూచినవారికైనా తెలుసును.

ఈ వస్తువు ఇంగ్లండుకే పరిమితం కాదు. వరుసగా మూడు సంవత్సరాలలో మూడు దేశాల రచయిత్రులు దీనిని చేపట్టినారు. 2012లో అమెరికాలో మరియా సెంపిల్ వ్రాసిన 'వేర్ డ్ యూ గో, బెర్నడెట్' వెలువడింది. సియాటిల్ నగరంలో ఒక బడి తల్లులతో పొసగని బెర్నడెట్ కథ అది. ఆమె ఆ తల్లులను 'దోమలు' అనే అర్థంలో వెక్కిరిస్తుంది. ఇక్కడా ఉపమానం కీటకమే కావడం గమనించదగినది. ఐనా కథ చివరికి వచ్చేసరికి, ఆమె బద్ధశత్రువనుకున్న పొరుగింటి ఆడ్రీయే ఆమెను ఆపదనుండి తప్పిస్తుంది. 2014లో ఆస్ట్రేలియాలో లియాన్ మోరియార్టీ 'బిగ్ లిటిల్ లైస్' వెలువరించినారు. అందులో బడిలో చేరిన మొదటి మెట్టులోనే ఒక పసివాడు తోటిపిల్లను బాధించినాడన్న నింద మోస్తాడు. విచారణ లేకుండానే తల్లులు రెండు పక్షాలుగా చీలిపోతారు. వాణ్ణి బడినుండి తీసివేయవలెనని సంతకాలు సేకరిస్తారు. అసలు దోషి వేరొకడని చివరకు తేలుతుంది. నవ్వుల క్రింద ఇంటిలోపలి హింస ఉన్నదనీ, దానిని పిల్లవాడు ఇంటినుండి బడికి మోసుకొని వచ్చినాడనీ ఆ నవల చెబుతుంది.

తల్లుల పోటీలో ఓడిపోయేది తల్లి కాదు, నడుమనున్న బిడ్డ. ఈ నవలలన్నిటిలోనూ దాగిన గంభీరమైన విషయం ఇదే. అమెరికాలో రోజలిండ్ వైజ్‌మన్ అనే ఆమె 2002లో కౌమారంలోని ఆడపిల్లల గుంపులను గూర్చి 'క్వీన్ బీస్ అండ్ వానబీస్' అనే పుస్తకం వ్రాశారు. 2004లో వచ్చిన 'మీన్ గర్ల్స్' చలనచిత్రానికి అదే ఆధారం. ఆమెయే 2006లో తల్లులనూ తండ్రులనూ గూర్చి అటువంటిదే మరొక పుస్తకం వ్రాయవలసివచ్చింది. పిల్లల గుంపును పరిశీలించిన చూపు చివరకు పెద్దల గుంపుమీద నిలిచిందన్న మాట. ఇందులో ఆశ్చర్యం లేదు. ఎవరిని పలకరించవలెనో, ఎవరిని చూడనట్లు నటించవలెనో పిల్లలు పాఠ్యపుస్తకంలో నేర్చుకోరు. చెయ్యి పట్టుకొని గేటు దగ్గర నిలబడి, పైకి చూచి నేర్చుకుంటారు.

తెలుగు సాహిత్యానికి హాస్యం కొరత లేదు. 'కన్యాశుల్కం' ఉన్నది, మునిమాణిక్యంవారి కాంతం ఉన్నది, మొక్కపాటివారి పార్వతీశం ఉన్నాడు. భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు'లో, అత్తాకోడళ్ళ కథ అంటే ఏడుపుకథే కావలెనన్న నియమాన్ని కోడలే నవ్వుతూ త్రోసివేసింది. అత్తగారి అమాయకత్వాన్ని చూచి నవ్వే ఆ నవ్వులో అత్తగారి మీద ప్రేమ ఎక్కడా తగ్గదు, అది స్మితం. కాని ఈ హాస్యంలో ఎక్కువ భాగం ఇంటి వసారాలోనూ, వీధి అరుగుమీదనూ నడిచింది. ఆడవారి పోటీకి పాతకాలంలో పేరంటం రంగస్థలం. ఎవరి చీర ఏ ఊరిది, ఎవరి మెడలో ఏమి ఉన్నది అన్న లెక్కలు పసుపుకుంకుమల మధ్యనే జరిగేవి. నేడు ఆ రంగస్థలం చాలావరకు బడిగేటుకు మారింది. దానికి తగిన హాస్యనవల మాత్రం తెలుగులో పాఠకుల నోట నానేంతగా రాలేదు.

వస్తువుకు లోటు లేదు. సాయంకాలం నాలుగున్నరకు ఏ పట్టణంలోనైనా ఒక ఇంగ్లీషు మీడియం బడి ముందు, ఆటోలకూ స్కూటర్లకూ నడుమ, ఐదు నిమిషాలు నిలబడితే చాలును. "మావాడికి ఈసారి తొంభై రెండే వచ్చాయండీ వదినగారూ, పరీక్షలప్పుడు ఒంట్లో బాగుండలేదు" అని ఒకావిడ నిట్టూరుస్తుంది. ఆ 'తొంభై రెండే' అన్నదానిలో ఏకారం ఎంత పని చేసిందో వ్యాకరణం చెప్పేవారు గమనించవలెను. "అయ్యో, పాపం! మా అమ్మాయి అసలు పుస్తకమే ముట్టదండీ, ఎట్లా వచ్చాయో తొంభై ఆరు వచ్చాయి" అని వదినగారు ఓదారుస్తుంది. మాటలన్నీ మర్యాదలే, ఒక్కొక్క మర్యాదకూ ఒక్కొక్క ముల్లు ఉన్నది. పుట్టినరోజున తరగతికి పంచే చాక్లెట్టు ఏ రకమన్నది మరొక లెక్క. ప్రక్కన సంచీ మోస్తూ నిలబడిన పిల్లవాడు ఆ తొంభై రెండును ఇంటిదాకా మోసుకొని పోతాడు. ఆ సంచీ బరువు తూచే త్రాసు ఏ బడిలోనూ లేదు.

ఈ సంగతి తల్లులను మాత్రమే తప్పుపట్టడానికి చెప్పినది కాదు. బడి తల్లిదండ్రులను లోపలికి పిలవవలసిన కాలం వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వ పాఠశాలలకూ, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలకూ యాజమాన్య కమిటీలు ఉండవలెనని శాసించింది. వాటిలో కనీసం నాలుగింట మూడు వంతులమంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. మొత్తం సభ్యులలో సగంమంది స్త్రీలు కావలెను. 2024లో తెలంగాణలో బడుల మరమ్మతు పనులు చూడడానికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినాయి. అదే సంవత్సరం డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఒకే దినాన తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. గేటు బయట నిలబడిన తల్లికి లోపల కుర్చీ వేసిన ఈ ఏర్పాటు మంచిది. బడివాకిటి పోటీకి మూలం కుర్చీ లేకపోవడమే అయితే, నిజమైన పనీ దానికి తగిన గౌరవమూ దొరికినప్పుడు ఆ పోటీ కొంత తగ్గవలెను. కాని కుర్చీ ఎక్కడ వేస్తే అక్కడ ప్రక్క కుర్చీని గూర్చిన తగాదా కూడా వస్తుంది. గోడకు సున్నం వేయించడానికి కూడిన కమిటీ, శిలాఫలకంమీద ఎవరి పేరు ముందుండవలెనన్న చర్చతో ముగియవచ్చును. అటువంటప్పుడు సభ్యులను కొంచెం నవ్వించగల పుస్తకం ఏ నియమావళికంటెనైనా ఎక్కువ మేలు చేస్తుంది.

ఉపాధ్యాయునికి ఇందులో చిన్నపాత్ర లేదు. తేనెపట్టులో రాణి ఎవరన్నది కూలి ఈగలు తినిపించే ఆహారాన్ని బట్టి ఉంటుందని శాస్త్రం చెబుతున్నది. బడివాకిట ఆ ఆహారంలో కొంత బడిలోపలినుండే వస్తుంది. సమావేశంలో మార్కుల వరుసనుబట్టి పిల్లల పేర్లు పైకి చదివే పంతులుగారు, చందా ఎక్కువ ఇచ్చిన ఆవిడకు ఎదురువెళ్ళి కుర్చీ వేసి, కూలిపని మాని వచ్చిన తల్లిని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడే పంతులమ్మగారు తమకు తెలియకుండానే ఒక రాణిని పెంచుతున్నారు. సెయింట్ ఆంబ్రోజ్ వాకిట బీకి గద్దె దొరకడానికి, అడిగినవారందరూ ముందు ఆమెనే అడగడం ఒక కారణం కాదా?

విద్యార్థులకు కూడా ఈ నవలవల్ల ఒక ప్రయోజనం కలదు. తరగతిలో ఒకరు కొత్త చెప్పులు వేసికొని వచ్చినప్పుడు, ఒకరి ఉచ్చారణ తప్పినప్పుడు, తరగతి అంతా నవ్వుతుంది. ఆ నవ్వు భరతుని ఆరు మెట్లలో ఏ మెట్టుదో ఒక్క క్షణం ఆగి చూచుకోగలిగితే, అలంకారశాస్త్రం పరీక్షకోసం కంఠస్థం చేయవలసిన జాబితాగా మిగలక జీవితానికి పనికివచ్చినట్లే. నవ్వవద్దని ఎవరూ చెప్పరు; నవ్వలేని తరగతిలో చదువు సాగదు. ఎదుటివాడు కూడా కలిసి నవ్వగలిగినది స్మితం. ఎదుటివాని ముఖం ఎర్రబడితే అక్కడ ఆగవలెను.

తేనెటీగలను గూర్చి పల్లెటూరి పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. మనిషిని కుట్టిన కూలి ఈగ తన ముల్లును ఆ మనిషి చర్మంలోనే వదిలి తాను చచ్చిపోతుంది. కుట్టినవాడికి వాపు ఒక పూట; కుట్టినదానికి ప్రాణం. బాక్స్ హిల్ నుండి ఏడుస్తూ ఇంటికి పోయిన ఎమ్మాకు ఈ సంగతి ఆ సాయంకాలం తెలిసింది. తెలుగులో బడివాకిటినిగూర్చి హాస్యనవల వ్రాయబోయే రచయిత్రి, ఆమె ఎవరైనా కానిండు, ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకొంటే చాలును: తేనెను పోగుచేసిన శ్రమను మరువకపోవడం, ముల్లును ముల్లుగా గుర్తించడం. ఆ నవల వచ్చిననాడు దానిని మొదట కొనవలసినవి బడి గ్రంథాలయాలే.